పది వాట్ల పాట

బసవేశ్వరరావు ఇంట్లో పొద్దున వార్తలు మొదలైతే తెనాలి గంగానమ్మపేటలో ఆ వీధి వీధంతా వినాల్సిందే. ఎదురింటివాళ్లు తమ రేడియోని రిపేరుకిచ్చి మళ్లీ తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకోలేదంటే బసవేశ్వరరావు పుణ్యమేనని వీధిలో నవ్వుకునేవాళ్లు.

"ఇంకాస్త పెంచవే పుష్పా!" అన్నాడు ఆయన పడక్కుర్చీలోంచి.

"ఇంక తిరగదు నాన్నా. చివరిదాకా వచ్చేసింది," అంది కూతురు పుష్పలత.

"ఏంటి?"

"చివరిదాకా వచ్చేసింది అంటున్నా!"

"ఆ మాటేదో మొదటే నోరు తెరిచి చెప్పచ్చుగా. ఈ ఇంట్లో అందరూ గొణిగేవాళ్లే. ఆఖరికి రేడియో కూడా మీ దగ్గర గొణగడం నేర్చుకుంది."

మాణిక్యమ్మ కాఫీ గ్లాసు తెచ్చి భర్త చేతికిచ్చింది. ఇచ్చి, ఎదురుగా నిలబడి, ఆయన తన మొహం వైపు చూసేదాకా ఆగింది.

"తమ్ముడు పదిగంటల పాసింజరులో వస్తున్నాడండి. ఆంప్లిఫయరు తెస్తున్నాడు."

"తెస్తాడు, ఎందుకు తేడు? కొనే బావ ఉంటే అమ్మే బావమరిదికి కొదవేముంది?"

"ఈ ఒక్కటీ నేను చెప్పినట్టు చేయండి. ఇంతవరకూ నాకిది కావాలని అడిగానా?"

"అడక్క అడక్క నీ తమ్ముడి సరుకే అడిగావు చూడు, అక్కడుంది కిటుకంతా," అన్నాడాయన. మాణిక్యమ్మ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

డెబ్భై నాలుగో సంవత్సరం ఫాల్గుణమాసం అది. కొత్తిల్లు కట్టి ఏడాది తిరగలేదు. ముందు హాల్లో పాటల కోసం రికార్డు ప్లేయరు వచ్చింది, నిలువెత్తు స్పీకరు పెట్టెలు రెండు వచ్చాయి. ఆ రెంటి మధ్యా ఉండాల్సిన ఆంప్లిఫయరు దగ్గరే బేరం తెగడం లేదు. బెజవాడ నుంచి ఒకటి తెప్పించాడు, జీవం లేదని తిప్పి పంపాడు. మద్రాసు నుంచి ఇంకొకటి తెప్పించాడు, అదీ అంతే. ఇప్పుడు బోసురోడ్డు మైకుసెట్ల కొట్టు నుంచి యాభై వాట్లది ఒకటి చూడ్డానికని తెచ్చి పెట్టుకున్నాడు. దాని పొగరు చూస్తే ఆయనకు ముచ్చటేసింది. ఇచ్చిన రూపాయికి ఎంత మోత వచ్చిందో వీధి చివర నిలబడి కూడా తేల్చుకోవచ్చు.

నిజానికి మోత సంగతి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. దుగ్గిరాల పసుపు యార్డులో కమీషన్ వ్యాపారం ఆయనది. పసుపు కొమ్ముని చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరిస్తే, బాగా ఎండిన సరుకు గిన్నె మీద గరిటె తగిలినట్టు ఖంగుమంటుంది. లోపల పచ్చి ఉంటే మెత్తగా చస్తుంది. రంగు చూసి మోసపోయినవాళ్లున్నారు, బరువు చూసి మోసపోయినవాళ్లున్నారు. బసవేశ్వరరావు విరిచి "ఊఁ" అన్నాడంటే మాత్రం బొంబాయి పార్టీలు బస్తా విప్పకుండానే కొనేవి. ఆ "ఊఁ" మీదే కొట్టు నిలబడింది, ఇల్లు లేచింది.

ధర మాత్రం నోటితో చెప్పుకునేవాళ్లు కాదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని వేళ్లు నొక్కుకుంటారు. చిటికెన వేలు నొక్కితే తక్కువని, బొటనవేలు నొక్కితే ఎక్కువని, అరచెయ్యి మొత్తం బిగిస్తే ఖాయమని అర్థం. పెళ్లయిన కొత్తలో రేపల్లె నుంచి తెనాలి వచ్చే బండిలో చుట్టూ పెద్దవాళ్లుంటే, మాట్లాడే వీలు లేక ఆయన ఈ వేళ్ల బేరం మాణిక్యమ్మకు తువ్వాలు కింద నేర్పాడు. బండి తెనాలి చేరేలోపు ఆ పిల్ల ఆయన్ని బేరంలో రెండుసార్లు ఓడించింది. అదంతా ఏనాటి మాటో!

ఇప్పుడు ఆయనకు దేని మీదా తృప్తి లేదు. పోయిన నెల కొల్లిపర బాపయ్య సరుకు విరిచి చూసి ఖాయం చేస్తే, కొట్లో పెట్టిన కొన్నాళ్లకే బూజు పట్టింది. బరువు కోసం నీళ్లు చల్లావని బాపయ్య మీద యార్డులో నలుగురి ముందూ అరిచేశాడు. ఏళ్ల తరబడి ఈయనకే అమ్ముతున్న మనిషి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరి సరుకు విరిచినా పూర్వపు మోత రావడం లేదు. పంటలో పస పోయిందని, మనుషుల మాటలో స్పష్టత పోయిందని, యంత్రాల్లో జీవం పోయిందని బసవేశ్వరరావు లెక్క తేల్చుకున్నాడు. లోకమంతా ఒక్కసారిగా నాసిరకంగా మారితే మంచి సరుకు ఎక్కణ్ణుంచి తేవాలో ఆయనకు పాలుపోవడం లేదు. ఎల్లుండి బొంబాయి వాళ్లకు పెద్ద సరుకు కొనాలి. అందులో బూజు కనపడిందంటే ఇక ఆ "ఊఁ"కి విలువ లేదు.

*

ప్రకాశరావు వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. దుప్పట్లో చుట్టిన పెట్టెని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రిక్షా దిగాడు.

"ఏమోయ్, పదిగంటల బండి ఇప్పుడొచ్చిందా?"

"బండి టైముకే వచ్చింది బావగారూ. నేనే ఎక్కలేదు!"

బాపట్లలో రేడియోల కొట్టు అతనిది. సగం రిపేర్లు చేసి సగం అటకెక్కిస్తాడని పేరు. గొంతు మాత్రం అరుగు మీద మాట్లాడితే అవతలి వీధికి వినపడుతుంది. బసవేశ్వరరావుకు బావమరిదిలో నచ్చే గుణం అదొక్కటే. గొణగడు.

దుప్పటి విప్పితే నల్ల పెట్టె బయటపడింది. దానికి రెండువైపులా అల్యూమినియం రేకులు పక్కటెముకల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఈ బొమికలేంటోయ్, కరువులో ఎద్దులాగా?"

"వేడి పోవడానికి బావగారూ. దీన్ని క్లాస్ ఏ అంటారు. ఇంగ్లండు పత్రికలో బొమ్మ చూసి కట్టాను. చీరాల నుంచి చిలకలూరిపేట దాకా వెతకండి, ఇలాంటిది ఉంటే నా చెవి కోసిస్తా."

"ఏ క్లాసైతే నాకేం. ఎన్ని వాట్లు?"

"పది."

బసవేశ్వరరావు అన్నం కలపడం ఆపి పకపకా నవ్వాడు. "పదా! అక్కడ యాభై వాట్లది కూర్చుని ఉంటే నువ్వు పది పట్టుకొచ్చావా? పైగా వేడెక్కుతుందా?"

"వేడెక్కాలి. మిగతావి సౌండు కావాల్సినప్పుడే కరెంటు లాగుతాయి. అందుకే పాట సన్నబడినచోట తడబడతాయి. ఇదలా కాదు. పాట వస్తున్నా, రాకపోయినా ఒకేలా కాలుతూ ఉంటుంది. ఎప్పుడు పిలిచినా సిద్ధం."

"అంటే పనిలేని రోజు కూడా కూలి అడిగే మనిషన్నమాట. అలాంటోణ్ణి నా కొట్లో ఒక్కపూట ఉంచను."

చారు పోస్తున్న మాణిక్యమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ పోసింది.

భోజనాలయ్యాక హాల్లో చేరారు. ముందు యాభై వాట్లది. మాణిక్యమ్మకు ఇష్టమని కొన్న వీణ రికార్డు పెట్టి బసవేశ్వరరావే మీట చివరిదాకా తిప్పాడు. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. పుష్పలత చెవులు మూసుకుంది. వాకిలి ఊడుస్తున్న పనిమనిషి దానమ్మ చీపురు వదిలేసి, "అమ్మగోరూ, ఏం పడిందండీ?" అంటూ పరిగెత్తుకొచ్చింది.

"అదీ!" అన్నాడు బసవేశ్వరరావు తొడ చరిచి. "ఇన్నాళ్లకి వీణ వీణలా ఉంది. ఇప్పుడు నీది పెట్టు."

ప్రకాశరావు తీగలు మార్చి తన పెట్టె బిగించాడు. పాట వచ్చింది. బసవేశ్వరరావు కాసేపు విని పెదవి విరిచాడు.

"పస లేదోయ్. ఇంకేం చూడక్కర్లేదు. తీసేయ్."

"అక్కా, నువ్వైనా చెప్పు!"

"బాగుందిరా," అంది మాణిక్యమ్మ నెమ్మదిగా. "చాలా బాగుంది."

"ఏంటంటా?"

"బాగుందంటోంది బావగారూ! అక్కకి తెలిసింది, మీకు తెలియలేదు. ఒక్కమాట అడుగుతా చెప్పండి. మీరు పసుపుని బరువు చూసి కొంటారా, విరిచి చూసి కొంటారా?"

"విరిచే కొంటా. అదేం ప్రశ్న?"

"అయితే దీన్నీ విరిచి చూడండి. ఆంప్లిఫయరు సంగతి పెద్ద మోతలో తేలదు. సన్నగా పెట్టి వినాలి. గొంతు తగ్గించినప్పుడు కూడా పాట చెదరకుండా నిలబడితే అది సరుకు. రెంటినీ సన్నగా పెడతాను, మీరే చెప్పండి."

వ్యాపారస్తుడికి ఆ మాట నచ్చింది. "కానీ," అన్నాడు కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"వద్దురా," అంది మాణిక్యమ్మ చటుక్కున. "పెద్దగానే ఉంచు. అంతగా అయితే ఆ యాభైదే ఉంచుదాం, పోనీ."

"అదేంటక్కా! రమ్మని కబురు పెట్టిందీ నువ్వే, వద్దంటున్నదీ నువ్వేనా?" అంటూనే ప్రకాశరావు మీట వెనక్కి తిప్పి, రికార్డు మీద ముల్లు పెట్టి, కళ్లు మూసుకున్నాడు.

బసవేశ్వరరావు చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"ఊఁ, పెట్టు," అన్నాడు కాసేపయ్యాక.

ఎవరూ కదల్లేదు.

"పెట్టవోయ్! ఎంతసేపు?"

ప్రకాశరావు కళ్లు తెరిచాడు. బావ వైపు, అక్క వైపు మార్చి మార్చి చూశాడు. అతని పెదవులు కదిలాయి. జన్మలో మొదటిసారి బావమరిది కూడా గొణిగాడు.

"ఏంటి?"

రికార్డు తిరుగుతూనే ఉంది. ముల్లు దాని మీదే ఉంది. మాణిక్యమ్మ వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. భర్త తన చేతినే చూస్తున్నాడని తెలిసి ఆ వేళ్లు ఆగిపోయాయి.

"ఆటలాడుతున్నారా నాతో?" బసవేశ్వరరావు లేచాడు. "నీ డొక్కు పెట్టె చచ్చింది. ఒప్పుకోడానికి మొహం చెల్లక నాటకాలా?"

"నాన్నా!" పుష్పలత కళ్లలో నీళ్లు తిరుగుతుండగా గట్టిగా అరిచింది. "పాట వస్తోంది నాన్నా. అదిగో, దానమ్మ కూడా వింటోంది."

గుమ్మంలో దానమ్మ చీపురు చంకలో పెట్టుకుని, గోడకి ఆనుకుని, మెల్లగా తలాడిస్తోంది.

బసవేశ్వరరావు రెండంగల్లో స్పీకరు దగ్గరికెళ్లి వంగి చెవి ఆనించాడు. ఎక్కడో బావి అడుగున ఎవరో తీగ మీటుతున్నట్టు వినపడింది. చెవి కాస్త ఎడం చేశాడు. ఏమీ లేదు. మళ్లీ ఆనించాడు. ఉంది.

నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. ఎవరి మొహమూ చూడకుండా పెరటి వైపు వెళ్లిపోయాడు.

*

పెరటి వసారాలో మచ్చు కోసం తెచ్చిన పసుపు సంచులున్నాయి. బసవేశ్వరరావు గట్టు మీద కూర్చుని ఒక్కొక్క కొమ్మే తీసి చెవి దగ్గర పెట్టుకుని విరుస్తున్నాడు. అన్నీ ఒకేలా, తడిగుడ్డ చింపినట్టు వినపడుతున్నాయి. ఒకదాని లోపల చూశాడు. నిమ్మపండు రంగులో, గట్టిగా, ఎండి మెరుస్తోంది. మొదటి రకం సరుకు. దాని మోత ఏమైంది?

బాపయ్య మొహం కళ్ల ముందు కదిలింది. నీళ్లు చల్లింది బాపయ్య కాదు. సరుకు పచ్చిగానే వచ్చింది, ఉన్నది ఉన్నట్టే చూపించాడు. వినాల్సినవాడే వినలేదు, పాత నమ్మకం మీద "ఊఁ" అనేశాడు.

మాణిక్యమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎన్నాళ్ల బట్టి?" అన్నాడు తలెత్తకుండా. తలెత్తితే గానీ జవాబు అందదని గుర్తొచ్చి ఎత్తాడు.

"రెండేళ్లు దాటిందండి."

"నీకు తెలుసు."

"తెలుసు."

"పుష్పకి?"

"దానికీ తెలుసు."

"మరి నాకు చెప్పరా ఎవరూ?" ఆయన అరుపుకి పక్కింటి గోడ మీద కాకి ఎగిరిపోయింది. "నా చెవి పోతే నాకు తప్ప అందరికీ తెలుసా?"

"చెప్పాను," అంది మాణిక్యమ్మ. ఆమె గొంతు కూడా లేచింది. "గుంటూరులో చెవి డాక్టరు ఉన్నాడట, వెళ్దామన్నాను. గొణక్కు అన్నారు. మళ్లీ చెప్పాను. నన్ను చెవిటివాణ్ణి చేస్తావా అని రెండు పూటలు అన్నం మానేశారు. ఇంక ఎలా చెప్పమంటారు? డప్పేయించమంటారా? డప్పేస్తే మీకు వినపడుతుంది సరే, యార్డుకి వినపడదా?"

ఆయన చేతిలోని కొమ్ముని ఈసారి చెవి దగ్గర పెట్టుకోకుండానే విరిచాడు.

"ఇంటికి ఎవరొచ్చినా మీ పక్కన చేరి, వాళ్లన్న మాటే మళ్లీ పెద్దగా అంటున్నాను. మగాళ్ల మాటల్లో నీకేం పనని నలుగురిలో కసిరారు. కసిరినా మానలేదు. మానితే మీరు ఏదో ఒకటి తప్పు చెబుతారు, వాళ్లు పసిగడతారు. పగలంతా మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండటంతోనే సరిపోతోంది నాకు."

బసవేశ్వరరావు కొమ్ముముక్కల్ని గట్టు మీద పెట్టాడు. "మరి ఆ పది వాట్ల మీద అంత పట్టుదల దేనికి?"

"అది మీ కోసం కాదండి. నా కోసం." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "రెండేళ్లుగా ఈ ఇంట్లో నేను అరుస్తున్నాను గానీ మాట్లాడటం లేదు. రేడియో అరుపే, పాట అరుపే. మీరు దుగ్గిరాల వెళ్లాక ఒక్క గంట సన్నగా వీణ వినాలనిపించింది. అంతే. నాకింకేం అక్కర్లేదు."

ఆయన సంచిలోంచి ఒక కొమ్ము తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"విరువు."

"నేనా?"

"విరిచి ఎలా ఉందో చెప్పు."

ఆమె కొమ్ముని చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. చెప్పబోయి, పక్కింటి గోడ వైపు చూసి ఆగింది. అరిచి చెప్పే మాట కాదది. భర్త భుజం మీది తువ్వాలు లాగి ఆయన చేతి మీద కప్పి, తన చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆయన చిటికెన వేలు మెత్తగా నొక్కింది.

తక్కువ. లోపల పచ్చి ఉంది.

బసవేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు. ఇంకో సంచిలోంచి ఒకటి తీసిచ్చాడు. విరిచింది. ఈసారి అరచెయ్యి మొత్తం బిగిసింది. ఖాయం. ఆయన రెండు ముక్కల్నీ వెలుగులో పెట్టి లోపల చూశాడు. రెండూ ఆమె చెప్పినట్టే ఉన్నాయి.

"ఎల్లుండి యార్డుకి నువ్వూ రా," అన్నాడు. ఆ మాట మామూలు మనుషులు మాట్లాడినంత మెల్లగా వచ్చింది.

"ఆడదాన్ని వెంటేసుకుని యార్డుకెళ్తే నవ్వుతారండి."

"నవ్వితే నాకు వినపడదుగా."

మాణిక్యమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఆయన తువ్వాలు కింద ఆమె చెయ్యి వదల్లేదు.

"రేపు పొద్దున్నే కొల్లిపర వెళ్తాను. బాపయ్యని యార్డుకి రమ్మని బతిమాలాలి. అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకుంటా. నా చెవి సంగతి కూడా అక్కడే చెప్పేస్తా. బొంబాయి వాళ్లకి ఇష్టమైతే నీ చెవిని నమ్ముతారు, లేకపోతే మానేస్తారు. ఆ తర్వాత గుంటూరు." తువ్వాలు సర్దాడు. "ఇంకో బేరం మిగిలింది. ఏ పెట్టె ఉంచమంటావు?"

ఆమె ఆయన చిటికెన వేలు నొక్కింది.

ఆయన ఆమె చెయ్యి మొత్తం బిగించాడు.

హాల్లోకి వచ్చేసరికి ప్రకాశరావు పెట్టెని మళ్లీ దుప్పట్లో చుడదామా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు.

"దుప్పటి అవతల పడెయ్యవోయ్. ఇది ఇక్కడే ఉంటుంది. పోతూ పోతూ ఆ యాభై వాట్లని బోసురోడ్డులో అప్పగించి పో."

"మరి మీకు..." అని నసిగి, అంతలో తేరుకుని ప్రకాశరావు గొంతు పెంచాడు. "మరి మీకెలా బావగారూ?"

బసవేశ్వరరావు నల్లపెట్టె దగ్గరికెళ్లి రేకుల మీద అరచెయ్యి ఆనించాడు. పాట ఎప్పుడో అయిపోయింది. పెట్టె ఇంకా వెచ్చగానే ఉంది. అలాగే చెయ్యి ఉంచి ఒకసారి వెనక్కి తిరిగి భార్యని చూశాడు.

"మళ్లీ పెట్టు," అన్నాడు. "ఇందాక ఎక్కడుందో అక్కడే. పెంచితే ఊరుకోను."

ముల్లు రికార్డు మీద వాలింది. బసవేశ్వరరావు వచ్చి మాణిక్యమ్మ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. పుష్పలత చూసీ చూడనట్టు తల తిప్పుకుంది. ఆయన తమ ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పాడు.

"వస్తోందా?" అని అడిగాడు.

మాణిక్యమ్మ ఆయన అరచేతిలో వేళ్లతో తాళం వేయడం మొదలుపెట్టింది. బసవేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు.